మెయిల్ ఎక్కడ ఆగింది? సొంత సర్వర్లో లోపం పట్టుకునే పద్ధతి

తిరుపతిలో లాడ్జీలు, ట్రావెల్స్ ఆఫీసులు, చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు, గ్రానైట్ ఎగుమతి చేసేవాళ్లు. వీళ్లలో కొందరు సొంత డొమైన్ మీద సొంత మెయిల్ సర్వర్ నడుపుకుంటారు. కారణం మామూలే. ముప్పై నలభై మంది స్టాఫ్‌కి తలా ఒక ఐడీ ఇవ్వాలంటే బయటి సర్వీసుకి నెలనెలా తలకింత కట్టాలి. ఒక వీపీఎస్ (ఇంటర్నెట్‌లో దొరికే సర్వర్) అద్దెకు తీసుకుని పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ పంపి, అందుకునే ప్రోగ్రామ్), డవ్‌కాట్ (ఆ మెయిల్‌ని ఫోన్లకి, కంప్యూటర్లకి చూపించేది) వేసుకుంటే ఆ అద్దె ఒక్కటే ఖర్చు. పెట్టిన కుర్రాడు కొన్నాళ్లకి బెంగళూరుకో చెన్నైకో ఉద్యోగానికి వెళ్లిపోతాడు. ఆ తర్వాత ఒక రోజు పొద్దున్నే ఫోన్: "అన్నా, మెయిల్స్ రావట్లేదు."

ఆ ఫోన్ ఎత్తాల్సినవాళ్ల కోసమే ఇది. ఉబుంటు లినక్స్ మీద పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ 2.3 ఉన్నాయనుకుని రాస్తున్నాను. 2025లో వచ్చిన డవ్‌కాట్ 2.4లో సెట్టింగుల పేర్లు చాలావరకు మారాయి, పాత కాన్ఫిగ్ అలాగే పెడితే అది లేవదు. అందుకని ముందు వెర్షన్ చూసుకోండి. కమాండ్లు ఇక్కడ పలికినట్టు రాశాను. కొట్టేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి, పెద్ద అక్షరం కావాల్సిన చోట చెబుతాను.

ఒక్క మాట ముందే చెప్పాలి. మెయిల్ గాల్లో కలిసిపోవడం చాలా అరుదు. అది క్యూలో (పంపడానికి ఆగి ఉన్న వరసలో) ఉంటుంది, లేదా డిస్క్ మీద మనం చూడని ఫోల్డర్లో ఉంటుంది, లేదా ఎవరో తిప్పి కొట్టి ఉంటారు. మూడింట్లో ఏదైనా లాగ్‌లో, అంటే సర్వర్ తన పనంతా రాసుకునే ఫైల్లో, ఉంటుంది. కాబట్టి సర్వర్‌ని రీస్టార్ట్ చేయడం, దొరికిన సెట్టింగల్లా మార్చి చూడటం మానేసి, ఆ ఒక్క మెయిల్ ఇప్పుడు ఎక్కడుందో కనుక్కోవడమే మన పని.

మొదటి మెట్టు: సరైన ప్రశ్నలు అడగడం

"మెయిల్ రావట్లేదు" అంటే ఏ అర్థమైనా ఉండొచ్చు. బయటి నుంచి రావట్లేదా? మనం పంపినది అవతలివాళ్లకి చేరలేదా? ఫోన్లో పాస్‌వర్డ్ అడుగుతోందా? పాత మెయిల్స్ మాయమయ్యాయా? ఈ నాలుగూ వేరువేరు జబ్బులు. మేనేజర్‌ని ఒక్క మెయిల్ గురించే అడగండి: ఎవరి నుంచి ఎవరికి, ఎన్ని గంటలకి, సబ్జెక్ట్ ఏంటి. "అన్నీ అంతే అన్నా" అంటారు. పర్లేదు, ఒక్కటి చెప్పమనండి. ఆ ఒక్కదాన్ని వెంబడిస్తే మిగతావి వాటంతట అవే తేలతాయి.

పంపినవాళ్లకి తిరుగు మెయిల్ వచ్చి ఉంటే దాని ఫోటో వాట్సాప్‌లో తెప్పించుకోండి. అందులోని నంబర్ సగం కథ చెప్పేస్తుంది. 4తో మొదలైతే తాత్కాలికం, పంపిన సర్వర్ మళ్లీ ప్రయత్నిస్తుంది. 5తో మొదలైతే ఖాయంగా తిరస్కరించినట్టు. 550 5.1.1 అంటే ఆ పేరుతో మెయిల్‌బాక్స్ లేదని. కొత్త ఐడీని వర్చువల్ మ్యాప్ ఫైల్లో (ఐడీల జాబితాలో) రాసి, పోస్ట్‌ఫిక్స్ దాన్ని చదివేలా ‘పోస్ట్‌మ్యాప్’ కొట్టడం మరిచిపోతే వచ్చేది ఎక్కువగా ఇదే. 554 5.7.1తో పాటు రిలే యాక్సెస్ డినైడ్ (ఇది ముందుకు పంపను) అని ఉంటే రెండు దారులు: పంపినవాళ్లు లాగిన్ కాకుండా పంపారు, లేదా ఆ డొమైన్ మనదేనని పోస్ట్‌ఫిక్స్‌కి ఎవరూ చెప్పలేదు.

ఓనరు టెన్షన్ పడుతుంటే ఒక నిజం చెప్పి కూర్చోబెట్టండి. సర్వర్ ఒక రోజంతా పడిపోయినా బయటి నుంచి వచ్చే మెయిల్ మామూలుగా పోదు. పంపిన సర్వర్లు నాలుగైదు రోజుల దాకా మళ్లీ మళ్లీ ప్రయత్నించాలన్నది సర్వర్లు మెయిల్ ఇచ్చిపుచ్చుకునే ఎస్‌ఎంటీపీ పద్ధతిలో ఆనవాయితీ. పోస్ట్‌ఫిక్స్‌లో ఈ గడువు మామూలుగా 5 రోజులు.

రెండో మెట్టు: డిస్క్

లాగ్ చదవక ముందే రెండు కమాండ్లు కొట్టాలి. ‘డిఎఫ్ -హెచ్’, ‘డిఎఫ్ -ఐ’. మొదటిది అందరూ కొడతారు, రెండోది కొట్టేవాళ్లు తక్కువ.

మొదటిది ఎన్ని జీబీలు మిగిలాయో చెబుతుంది. రెండోది ఐనోడ్లు (ఫైలు వివరాలు రాసుకోవడానికి డిస్క్‌లో ఉండే గడులు) ఎన్ని మిగిలాయో చెబుతుంది. మెయిల్‌డిర్ పద్ధతిలో ఒక్కో మెయిల్ ఒక్కో ఫైలు, ఒక్కో ఫైలుకి ఒక ఐనోడ్. ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్‌లో డిస్క్ ఫార్మాట్ చేసిన రోజే ఐనోడ్ల సంఖ్య తేలిపోతుంది, మామూలుగా 16 కేబీకి ఒకటి. రెండు కేబీ, మూడు కేబీ ఉండే బుకింగ్ కన్ఫర్మేషన్లు, ఓటీపీలు లక్షల్లో పోగైతే జీబీలు ఖాళీగా ఉండగానే ఐనోడ్లు అయిపోతాయి. అప్పుడు లాగ్‌లో డివైస్‌లో చోటు లేదని వస్తుంది, ‘డిఎఫ్ -హెచ్’ చూస్తే సగం ఖాళీగా కనిపిస్తుంది. ఏందబ్బా ఇది అని తల పట్టుకునేది ఇక్కడే. ఉన్న డిస్క్‌లో ఐనోడ్లు పెంచడానికి వీల్లేదు. ఫైళ్లు తగ్గించాలి, లేదా డిస్క్ పెంచాలి. డిస్క్ పెంచితే ఐనోడ్లూ ఆ మేరకు పెరుగుతాయి.

జీబీలు నిండిన చోట పోస్ట్‌ఫిక్స్ ముందే జాగ్రత్తపడుతుంది. అనుమతించిన అతిపెద్ద మెయిల్ సైజుకి ఒకటిన్నర రెట్లు ఖాళీ లేకపోతే కొత్త మెయిల్ తీసుకోదు, 452 4.3.1 అని చెప్పి పంపేస్తుంది. ఇది మంచి లక్షణం. పంపినవాళ్ల సర్వర్ ఆ మెయిల్‌ని తన దగ్గరే ఉంచుకుంటుంది. మనం చోటు చేస్తే అదే వచ్చి చేరుతుంది.

చోటు తినేది మెయిల్సే అనుకోవద్దు. ‘వార్’ ఫోల్డర్ కింద ఏది ఎంత తింటోందో ‘డియు’తో చూడండి. రొటేట్ కాని లాగ్‌లు, సిస్టమ్ జర్నల్, ఎప్పుడో తీసి అక్కడే వదిలేసిన బ్యాకప్ జిప్‌లు మొదటి వరసలో ఉంటాయి. పెద్ద లాగ్ ఫైలు డిలీట్ చేసినా చోటు రాలేదంటే ఏదో ప్రోగ్రామ్ దాన్ని ఇంకా తెరిచి పట్టుకుని ఉంది. ‘ఎల్ఎస్ఓఎఫ్ +ఎల్1’ (ఆ ఎల్ పెద్ద అక్షరం) కొడితే ఎవరు పట్టుకున్నారో తెలుస్తుంది, ఆ సర్వీసు ఒక్కటి రీస్టార్ట్ చేస్తే చాలు.

సర్వర్ ఆఫీసు గదిలోనే ఉంటే ఇంకో అనుమానం కూడా పెట్టుకోవాలి. కరెంటు పోయి, యూపీఎస్ చేతులెత్తేసి, మళ్లీ లేచిన మెషీన్లో డిస్క్ దెబ్బతింటే లినక్స్ ఆ పార్టిషన్‌ని రీడ్ ఓన్లీగా మార్చేయొచ్చు. చదవడానికి అన్నీ కనిపిస్తాయి, ఒక్కటీ రాయదు. అలాంటప్పుడు ముందు బ్యాకప్ తీసుకోండి, ఆ తర్వాతే డిస్క్‌ని సరిచేసే ‘ఎఫ్‌ఎస్‌సికె’. గడియారం కూడా చూడండి. మదర్‌బోర్డు బ్యాటరీ చచ్చిపోయి సర్వర్ ఏళ్ల కిందటి తేదీతో లేస్తే సర్టిఫికెట్లన్నీ (సర్వర్ గుర్తింపు పత్రాలు) చెల్లనట్టు కనబడతాయి.

మూడో మెట్టు: లాగ్‌లో ఒక్క లైను

ఉబుంటులో ‘వార్’, ‘లాగ్’ లోపల ‘మెయిల్ డాట్ లాగ్’ ఉంటుంది. రెడ్‌హ్యాట్ వైపు సిస్టమ్స్‌లో దాని పేరు ‘మెయిల్‌లాగ్’. పంపినవాళ్ల అడ్రస్‌తో గ్రెప్ (ఫైల్లో మాట వెతికే కమాండ్) కొట్టండి. వచ్చిన లైన్లో ప్రాసెస్ పేరు తర్వాత అక్షరాలు, అంకెలు కలిసిన ఒక కోడ్ ఉంటుంది. అదే క్యూ ఐడీ. ఇప్పుడు ఆ ఐడీతో మళ్లీ గ్రెప్ కొట్టండి. ఆ మెయిల్ మన సర్వర్లో కాలు పెట్టినప్పటి నుంచి వెళ్లిపోయేదాకా జాతకమంతా ముందుకొస్తుంది.

ఐడీ దొరక్కపోతే, రిజెక్ట్ అన్న లైను కూడా లేకపోతే, ఆ మెయిల్ మన గుమ్మం దాకా రాలేదు. అప్పుడు డీఎన్‌ఎస్‌లో (డొమైన్ పేర్ల చిరునామా పుస్తకంలో) ఎంఎక్స్ రికార్డు చూడాలి, మెయిల్ ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పేది అదే. వెబ్‌సైట్ కొత్త హోస్టింగ్‌కి మార్చినప్పుడు నేమ్‌సర్వర్లు కూడా మార్చేసి, ఎంఎక్స్ రికార్డు పాతచోటే వదిలేయడం మహా మామూలు. సైటు బాగానే ఉంటుంది, మెయిల్ ఆగిపోతుంది.

ఐడీ దొరికితే చివరి లైన్లో ‘స్టేటస్’ చూడండి. సెంట్, డిఫర్డ్, బౌన్స్డ్. దాని పక్కన బ్రాకెట్లో అవతలి సర్వర్ చెప్పిన మాట యథాతథంగా ఉంటుంది. దాన్ని పూర్తిగా చదవండి, గూగుల్లో పడేసే ముందు ఒక్కసారైనా. అదే లైన్లో ‘డిలేస్’ అని నాలుగు అంకెలు గీతలతో విడగొట్టి ఉంటాయి. చాలామంది పట్టించుకోరు గానీ నాకు బాగా పనికొచ్చేది ఇదే. మొదటిది క్యూ మేనేజర్ చేతికి రావడానికి పట్టిన సమయం, రెండోది క్యూ మేనేజర్ దగ్గర గడిచింది, మూడోది అవతలి సర్వర్‌తో కనెక్షన్ కుదరడానికి, నాలుగోది మెయిల్ పంపడానికి. మూడో అంకె పెద్దగా ఉంటే నెట్‌వర్క్ లేదా డీఎన్‌ఎస్. రెండోది పెద్దగా ఉంటే మన సర్వరే ఊపిరాడక ఉంది.

నాలుగో మెట్టు: క్యూ

‘పోస్ట్‌క్యూ -పి’ కొడితే ఆగి ఉన్న మెయిల్స్ జాబితా వస్తుంది. ఐడీ పక్కన నక్షత్రం గుర్తు (*) ఉంటే ఇప్పుడే పంపుతోంది, ఆశ్చర్యార్థకం ఉంటే మనమే పట్టి ఉంచాం, ఏదీ లేకపోతే డిఫర్డ్, అంటే తర్వాత ప్రయత్నిస్తుంది. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్నట్టే. గేటు తీసే టైమ్ వచ్చేదాకా కదలిక ఉండదు, పదేపదే తలుపు తట్టినా లాభం లేదు. పోస్ట్‌ఫిక్స్ మొదట కనీసం 300 సెకన్లు ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది, ఆ ఎడం 4000 సెకన్ల దాకా పెంచుకుంటూ పోతుంది. కారణం సరిచేయకుండా ‘పోస్ట్‌క్యూ -ఎఫ్’ కొడుతూ కూర్చుంటే అవతలి సర్వర్లకి మన మీద అనుమానం పెరగడం తప్ప ఇంకేం జరగదు.

క్యూలో వేల మెయిల్స్, ఎవరో తెలియని విదేశీ అడ్రస్‌లకి వెళ్తూ కనిపిస్తే ఒక ఐడీ పాస్‌వర్డ్ దొంగల చేతికి చిక్కింది. డిలీట్ చేయడానికి తొందరపడొద్దు. ‘పోస్ట్‌సూపర్ -హెచ్ ఆల్’ (ఆల్ పెద్ద అక్షరాల్లో) కొట్టి అన్నింటినీ పట్టి ఉంచండి. లాగ్‌లో ‘సాస్ల్ యూజర్‌నేమ్’ అన్న చోట ఏ ఐడీ ఎక్కువసార్లు ఉందో చూడండి, దాని పాస్‌వర్డ్ మార్చి సర్వీసులు రీస్టార్ట్ చేయండి. ఇక్కడ రీస్టార్ట్ తప్పదు, లోపలికొచ్చేసిన కనెక్షన్ పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన తెగదు. ఆ తర్వాత అసలు మెయిల్స్ ఏరుకుని వదిలేసి, చెత్తని తీసేయండి. అప్పటికి మన ఐపీ బ్లాక్‌లిస్ట్‌లోకి ఎక్కి ఉండొచ్చు, అదీ చూసుకోవాలి.

చిత్తూరు మామిడి సీజన్లో వచ్చే ఒక పేచీ గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఎగుమతి కాగితాలు, అంటే ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, బిల్ ఆఫ్ లేడింగ్, ల్యాబ్ రిపోర్టులు, అన్నీ కలిపి స్కాన్ చేసి ఒకే పీడీఎఫ్‌గా పంపుతారు. పోస్ట్‌ఫిక్స్‌లో ‘మెసేజ్ సైజ్ లిమిట్’ మామూలుగా 1,02,40,000 బైట్లు. పది ఎంబీ కదా, మా ఫైలు తొమ్మిదే అంటారు. అటాచ్‌మెంట్‌ని మెయిల్‌లో పెట్టేటప్పుడు బేస్64లోకి (ఉత్త అక్షరాల రూపంలోకి) మారుస్తారు, దాంతో సైజు మూడో వంతుకి పైగా పెరుగుతుంది. ఏడు ఎంబీ దాటిందంటే గండమే.

సరే, పెంచుదామని ఎవరో 50 ఎంబీ పెడతారు. లెక్కగా 5,24,28,800 అని వేస్తారు. అంతే, అప్పటిదాకా బాగున్న లోపలి మెయిల్స్ కూడా క్యూలో ఇరుక్కుంటాయి. ఎందుకంటే ‘మెయిల్‌బాక్స్ సైజ్ లిమిట్’ అని ఇంకో సెట్టింగ్ ఉంది, కాన్ఫిగ్‌లో దాని గురించి ఏమీ రాయకపోతే అది 5,12,00,000. మెయిల్ పరిమితి మెయిల్‌బాక్స్ పరిమితిని మించిపోయింది కాబట్టి పోస్ట్‌ఫిక్స్ సొంత డెలివరీ ప్రోగ్రామ్ ఫేటల్ అని రాసి ఆగిపోతుంది. తేడా పన్నెండు లక్షల బైట్లే. వర్చువల్ డొమైన్లకి (ఐడీలకి సర్వర్లో విడిగా యూజర్ ఖాతాలు లేనివాటికి) పోస్ట్‌ఫిక్స్ తానే డెలివరీ చేస్తుంటే ‘వర్చువల్ మెయిల్‌బాక్స్ లిమిట్’‌కీ ఇదే కథ. ఆ రెండు మెయిల్‌బాక్స్ పరిమితులూ 0 పెడితే అడ్డు ఉండదు. డవ్‌కాట్‌కి ఎల్ఎంటీపీ ద్వారా అప్పగించే చోట పెట్టె పరిమాణం సంగతి డవ్‌కాట్ కోటా చూసుకుంటుంది. ఎంత పెంచినా అవతలివాళ్ల పరిమితి మన చేతిలో ఉండదు. ఇరవై ఎంబీ దాటిన ఫైలుకి లింకు పంపడమే మర్యాద.

ఐదో మెట్టు: సెంట్ అని ఉంది, ఇన్‌బాక్స్‌లో లేదు

అసలు మజా ఇక్కడుంది. పోస్ట్‌ఫిక్స్ పని మెయిల్‌ని పెట్టెలో వేయడం, డవ్‌కాట్ పని పెట్టె తెరిచి చూపించడం. ఇద్దరూ వేరువేరు పెట్టెల గురించి మాట్లాడుకుంటుంటే మెయిల్ వచ్చినట్టే ఉంటుంది, కనబడదు.

స్టేటస్ పక్కన బ్రాకెట్లో ఏముందో చూడండి. ‘డెలివర్డ్ టు మెయిల్‌బాక్స్’ అంటే ఎంబాక్స్ పద్ధతి: ‘వార్’, ‘మెయిల్’ కింద ఒక్కో యూజర్‌కి ఒక్క పెద్ద ఫైలు, అన్ని మెయిల్స్ అందులో ఒకదాని కింద ఒకటి. ‘డెలివర్డ్ టు మెయిల్‌డిర్’ అంటే ఒక్కో మెయిల్ ఒక్కో ఫైలు. ఎల్ఎంటీపీ అయితే 250తో మొదలై చివర ‘సేవ్డ్’ అని ఉంటుంది. ఇప్పుడు ‘డవ్‌కాన్ఫ్ -ఎన్’ కొట్టి ‘మెయిల్ లొకేషన్’ ఏముందో చూడండి. అక్కడ మెయిల్‌డిర్ అని ఉండి, పోస్ట్‌ఫిక్స్ ఎంబాక్స్‌లో వేస్తుంటే జబ్బు దొరికినట్టే. ‘హోమ్ మెయిల్‌బాక్స్’ సెట్టింగ్‌లో ‘మెయిల్‌డిర్/’ (మొదటి ఎం పెద్ద అక్షరం, డవ్‌కాట్‌లో ఎలా ఉంటే అలా) అని పెట్టాలి. చివర్లో ఆ వాలు గీత తప్పనిసరి. అది ఉంటేనే ఫోల్డర్ అని అర్థం చేసుకుంటుంది, లేకపోతే అదే పేరుతో ఒక ఎంబాక్స్ ఫైలు తయారు చేసి కూర్చుంటుంది. ఇప్పటిదాకా పాత ఫైల్లో పడిన మెయిల్స్ ఎక్కడికీ పోలేదు, డవ్‌కాట్ సొంత ‘డిసింక్’‌తో వాటిని కొత్త పెట్టెలోకి తెచ్చుకోవచ్చు.

మెయిల్‌డిర్ లోపల మూడు ఫోల్డర్లుంటాయి: టెంప్, న్యూ, కర్. డేనియల్ బెర్న్‌స్టీన్ క్యూమెయిల్ కోసం చేసిన ఏర్పాటు ఇది. మెయిల్ ముందు టెంప్‌లో పూర్తిగా రాసి, తర్వాత న్యూలోకి జరుపుతారు. అందుకే సగం రాసిన మెయిల్ ఎవరి కంటా పడదు, ఫైలుకి తాళం వేయాల్సిన పనీ లేదు. ఐమ్యాప్‌లో (మెయిల్స్‌ని సర్వర్లోనే ఉంచి చూపించే పద్ధతిలో) ఆ ఫోల్డర్ తెరవగానే డవ్‌కాట్ దాన్ని కర్‌లోకి మార్చి, పేరు చివర కోలన్, 2, కామా, ఆ తర్వాత గుర్తులు తగిలిస్తుంది. ఎస్ అంటే చదివారు, ఆర్ అంటే జవాబిచ్చారు, టి అంటే డిలీట్ చేయాల్సింది, ఎఫ్ అంటే జెండా పెట్టారు.

దీంట్లో మంచి పరీక్ష ఒకటుంది. యూజర్ ఫోన్లో ఇన్‌బాక్స్ తెరిచి ఉన్నా న్యూ ఫోల్డర్లో ఫైళ్లు పేరుకుపోతుంటే డవ్‌కాట్ ఆ ఫోల్డర్ వైపే చూడటం లేదు. ‘డవ్‌అడ్మ్ యూజర్’ అని కొట్టి ఆ ఐడీ ఇస్తే డవ్‌కాట్ దృష్టిలో ఆ పెట్టె చిరునామా చెబుతుంది. రెండూ పోల్చండి. డొమైన్ పేరు ఫోల్డర్ ఒకచోట ఉండి ఒకచోట లేకపోవడం లాంటి చిన్న తేడా బయటపడుతుంది.

చిరునామా సరైనదే అయితే అనుమతులు చూడండి. వర్చువల్ యూజర్ల పెట్టెలన్నీ సాధారణంగా ‘వీమెయిల్’ అనే ఒక్క యూజర్ పేరు మీద ఉంటాయి. ఎవరో రూట్‌గా (సర్వర్ మీద సర్వాధికారాలున్న యూజర్‌గా) లాగిన్ అయి బ్యాకప్ నుంచి ఫోల్డర్ తెచ్చి పెడితే అది రూట్ సొత్తు అయిపోతుంది, డవ్‌కాట్ తాకలేదు. ‘నేమ్‌ఐ -ఎల్’ కొట్టి ఆ పాత్ ఇస్తే పై ఫోల్డర్ నుంచి కింద దాకా ఎవరిది ఏదో వరసగా చూపిస్తుంది. 777 (అందరికీ అన్ని అనుమతులు) పెట్టి చేతులు దులుపుకోవద్దు, ఓనర్‌షిప్ సరిచేయండి చాలు.

ఇక మెయిల్స్ మాయమవడం. లాడ్జి రిసెప్షన్‌లో పాత కంప్యూటర్, అందులో అవుట్‌లుక్, అది పాప్ 3లో (మెయిల్స్‌ని కంప్యూటర్లోకి దించుకునే పద్ధతిలో) పెట్టి ఉంటుంది. ‘సర్వర్లో కాపీ ఉంచు’ అన్న టిక్ తీసేసి ఉంటే అది ప్రతిసారీ మెయిల్స్ అన్నీ లాక్కుని సర్వర్లోంచి తుడిచేస్తుంది. ఓనరు ఫోన్లో చూస్తే ఇన్‌బాక్స్ ఖాళీ. రాత్రి రిసెప్షన్ కంప్యూటర్ ఆపేసినప్పుడు వచ్చిన మెయిల్స్ మాత్రం కనిపిస్తాయి, పొద్దున ఎనిమిదింటికి మళ్లీ మాయం! ఈ తీరు కనబడిందంటే సర్వర్‌ని వదిలేసి ఆ కంప్యూటర్ దగ్గరికి నడవండి. లాగ్‌లో పాప్ 3 లాగవుట్ లైన్లో ‘డెల్’ అన్న అంకె ఎన్ని తుడిచిందో చెబుతుంది. మెయిల్స్ ఆ కంప్యూటర్లోని పీఎస్టీ ఫైల్లో భద్రంగా ఉంటాయి. అదే అకౌంట్‌ని ఐమ్యాప్‌లో కలిపి, ఫోల్డర్లు లాగి వదిలితే సర్వర్‌కి తిరిగొస్తాయి.

మెయిల్స్ ఉన్నా లెక్క తప్పుగా చూపించడం, తెరిస్తే ఖాళీగా రావడం డవ్‌కాట్ ఇండెక్స్ (మెయిల్స్ గురించి అది రాసుకునే జాబితా) పాడైన లక్షణాలు. ‘డవ్‌అడ్మ్ ఫోర్స్-రీసింక్’ కొట్టండి. మెయిల్‌డిర్‌లో ‘డవ్‌కాట్ డాట్ ఇండెక్స్’‌తో మొదలయ్యే ఫైళ్లు పోయినా అవి మళ్లీ పుడతాయి. ‘డవ్‌కాట్-యూఐడీలిస్ట్’ మాత్రం ముట్టుకోవద్దు. అది పోతే ఫోన్లు, కంప్యూటర్లు ప్రతి మెయిల్‌నీ కొత్తదనుకుని మొత్తం మళ్లీ డౌన్‌లోడ్ చేస్తాయి. నలభై మంది ఒకేసారి అలా మొదలుపెడితే ఆఫీసు ఇంటర్నెట్ ఆ పూటకి అంతే. పెట్టెలు డవ్‌కాట్ సొంత పద్ధతులైన ఎస్‌డీబాక్స్, ఎండీబాక్స్‌లో ఉంటే ఇండెక్స్ ఫైళ్లనూ తాకకూడదు. అక్కడ చదివిన గుర్తులన్నీ ఇండెక్స్‌లోనే ఉంటాయి, ఇంకెక్కడా ఉండవు.

ఆరో మెట్టు: లాగిన్

పాస్‌వర్డ్ సరిగ్గా కొడుతున్నా మళ్లీ మళ్లీ అడుగుతోందంటే మూడు చూడండి.

ఒకటి, సర్టిఫికెట్. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ 90 రోజులది. అది దానంతట అదే రెన్యూ అయినా డవ్‌కాట్‌ని రీలోడ్ చేయకపోతే పాతదే చూపిస్తుంటుంది. సర్టిఫికెట్ తెచ్చే సర్ట్‌బాట్‌లో డిప్లాయ్ హుక్ (రెన్యూ అయ్యాక నడిచే కమాండ్) పెట్టి రీలోడ్ చేయించండి. గడువు దగ్గరపడిందని వాళ్లు పంపే హెచ్చరిక మెయిల్స్ 2025 జూన్‌లో ఆపేశారు, వాటి మీద ఆధారపడొద్దు. ఫోన్లలో మాత్రమే తేడా కొడితే సర్టిఫికెట్ ఒక్కటే ఇచ్చి మధ్య గొలుసు (దాన్ని ధ్రువీకరించే మధ్య సర్టిఫికెట్లు) ఇవ్వలేదని అర్థం, ‘ఫుల్‌చైన్’ ఫైలు ఇవ్వాలి.

రెండు, ఫెయిల్2బ్యాన్. తప్పు లాగిన్లు పదేపదే వచ్చే ఐపీని అడ్డుకునే ప్రోగ్రామ్ ఇది. ఆఫీసులో అందరూ ఒకే పబ్లిక్ ఐపీ నుంచి బయటికి వెళ్తారు. ఒక డ్రైవరన్న ఫోన్లో పాత పాస్‌వర్డ్ ఉండిపోయి, అది ఊరికే తప్పు లాగిన్ కొడుతుంటే సర్వర్ ఆ ఐపీని నిషేధిస్తుంది, ఆఫీసు మొత్తానికి మెయిల్ ఆగిపోతుంది. మొబైల్ డేటాలో వస్తుంది, వైఫైలో రాదు అన్నారంటే దాదాపు ఇదే. ఐపీని విడిపించి, ఆ ఫోన్ వెతకండి. స్టాటిక్ ఐపీ ఉంటే ‘ఇగ్నోర్ ఐపీ’‌లో చేర్చండి.

మూడోది లాడ్జీల్లో ఎక్కువ. ‘బుకింగ్స్’ అనే ఒక్క ఐడీని రిసెప్షన్, మేనేజర్, అకౌంట్స్, ఓనరు, ఓనరుగారి అబ్బాయి అందరూ పెట్టుకుంటారు. డవ్‌కాట్ ఒక యూజర్‌కి ఒక ఐపీ నుంచి మామూలుగా 10 కనెక్షన్లే ఇస్తుంది. థండర్‌బర్డ్ ఒక్కటే ఐదు దాకా తెరుస్తుంది. రెండు కంప్యూటర్లతో కోటా అయిపోతుంది, మూడోవాళ్లకి దక్కదు. వైకుంఠ ఏకాదశి ముందు రద్దీలో ఇంకో ఫోన్ కలిపిన రోజు ‘నిన్నటిదాకా వచ్చేది సామీ’ అంటారు. ‘మెయిల్ మ్యాక్స్ యూజర్‌ఐపీ కనెక్షన్స్’ యాభైకి పెంచితే తీరిపోతుంది. తలా ఒక ఐడీ ఇచ్చి, బుకింగ్స్‌ని షేర్డ్ ఫోల్డర్ చేయడం ఇంకా మంచిది గానీ, అందుకు ఒప్పించడం సర్వర్ పని కంటే కష్టం.

ఏడో మెట్టు: మనం పంపినవి చేరట్లేదు

అందరికీ పంపేవన్నీ కనెక్షన్ టైమవుట్ అవుతుంటే 25 పోర్టు (సర్వర్లు ఒకదానికొకటి మెయిల్ పంపే దారి) మూసి ఉంది. ఆఫీసు బ్రాడ్‌బ్యాండ్‌లలో, పెద్ద క్లౌడ్ కంపెనీల్లో ఇది మామూలు. తెరిపించుకోండి, కుదరకపోతే 587 పోర్టు మీద ఒక రిలే సర్వీసు (మన తరఫున మెయిల్ పంపేది) పెట్టుకోండి. ‘రిలేహోస్ట్’‌లో సర్వర్ పేరుని చదరపు బ్రాకెట్లలో రాయాలి, లేకపోతే పోస్ట్‌ఫిక్స్ ఆ పేరుకి ఎంఎక్స్ వెతుక్కుంటూ పోతుంది.

జీమెయిల్ ఒక్కటే తిప్పి కొడుతుంటే లాగ్‌లో ఐపీవీ6 అడ్రస్ (కొత్త తరహా పొడుగు ఐపీ) కనిపిస్తోందేమో చూడండి. ఐపీవీ4కి పీటీఆర్ రికార్డు (ఆ ఐపీ ఏ సర్వర్‌దో చెప్పేది) పెట్టించి, ఐపీవీ6ని మరిచిపోతే ఇలాగే అవుతుంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ నిబంధనలు బిగించాయి. జీమెయిల్‌కి పంపేవాళ్లెవరైనా కనీసం ఎస్‌పీఎఫ్ (మన పేరుతో ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పే రికార్డు) లేదా డీకిమ్ (మెయిల్ మీద డిజిటల్ సంతకం), పీటీఆర్, టీఎల్‌ఎస్ (దారిలో ఎవరూ చదవకుండా రక్షణ) ఉంచుకోవాలి. రోజుకి 5000 దాటి పంపేవాళ్లకి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (ఆ పరీక్షల్లో తప్పిన మెయిల్‌ని ఏం చేయాలో చెప్పే రికార్డు) మూడూ ఉండాలి. మనం అన్ని పంపకపోయినా మూడూ పెట్టుకోవడమే మేలు.

ఎస్‌పీఎఫ్‌లో తరచూ కనిపించే తప్పు: వెబ్‌సైట్ చేసినవాళ్లు ఒక రికార్డు, మెయిల్ పెట్టినవాళ్లు ఇంకో రికార్డు వేయడం. డొమైన్‌కి ఒక్కటే ఉండాలి, రెండుంటే రెండూ చెల్లవు. అందులో డీఎన్‌ఎస్ వెతుకులాటలు పదికి మించకూడదు. డీకిమ్ 2048 బిట్ల కీ ఒక వరసలో పట్టదు, 255 అక్షరాలకొక ముక్కగా ఇవ్వాలి. డీమార్క్‌ని మొదట ‘నన్’తో (ఏ చర్యా వద్దని) మొదలుపెట్టి, రిపోర్టులు చూశాక బిగించండి.

ఒకటి మాత్రం వేరుగా చెప్పాలి, ఎందుకంటే లాగ్‌లో అంతా బాగున్నట్టే కనబడుతుంది. కొన్నాళ్లకి ఓనరు మెయిల్‌ని క్లౌడ్ సర్వీసుకి మార్చేస్తారు, వెబ్‌సైట్ మాత్రం పాత సర్వర్లోనే ఉంటుంది. సైటులోని ఎంక్వయిరీ ఫారం మన డొమైన్‌కే మెయిల్ పంపుతుంది. పాత సర్వర్ ‘మై డెస్టినేషన్’‌లో ఆ డొమైన్ ఇంకా ఉంది కాబట్టి అది డీఎన్‌ఎస్ అడగదు, నాదే కదా అని తన దగ్గరే పాత పెట్టెలో వేసుకుంటుంది. స్టేటస్ సెంట్. నెలల తరబడి వచ్చిన ఎంక్వయిరీలు ఎవరూ తెరవని ఫోల్డర్లో నిద్రపోతుంటాయి. ‘పోస్ట్‌కాన్ఫ్ -ఎన్’ కొట్టి ‘మై డెస్టినేషన్’, ‘వర్చువల్ మెయిల్‌బాక్స్ డొమైన్స్’ రెండింట్లోంచీ ఆ డొమైన్ తీసేయండి. సర్వర్ ఇంకా మనదే అయిన చోట కూడా ఒకే డొమైన్ రెండింట్లోనూ ఉండకూడదు, ఉంటే పోస్ట్‌ఫిక్స్ లాగ్‌లో హెచ్చరిస్తూనే ఉంటుంది. పాత పెట్టెలో ఉన్నవి తీసి ఓనరుకి ఇవ్వండి, పోయిన బేరాల లెక్క ఆయనే వేసుకుంటారు.

ఎనిమిదో మెట్టు: చోటు, బ్యాకప్

ట్రాష్, స్పామ్ ఫోల్డర్లలో 30 రోజులు దాటినవి వాటంతట అవే పోయేలా డవ్‌కాట్‌లో ‘ఆటోఎక్స్‌పంజ్’ పెట్టండి. ఎండీబాక్స్ అయితే డిలీట్ చేసినా చోటు వెంటనే రాదు, రాత్రిపూట ‘డవ్‌అడ్మ్ పర్జ్’ నడపాలి. ఇన్‌బాక్స్, సెంట్ మాత్రం ఆడిటర్‌ని అడగకుండా తుడవొద్దు. జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం లెక్కలు, రికార్డులు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. ఇన్‌వాయిస్‌లు మెయిల్లోనే ఉంచుకునే వ్యాపారులు మన దగ్గర తక్కువేం కాదు.

మెయిల్‌డిర్‌ని విండోస్ కంప్యూటర్‌కో, ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవ్‌కో నేరుగా కాపీ చేయొద్దు. ఫైలు పేర్లలో కోలన్ ఉంటుంది, విండోస్ దాన్ని ఒప్పుకోదు. కొన్ని ఫైళ్లు ఆగిపోతాయి, కొన్ని పేర్లు మారతాయి, చదివిన గుర్తులన్నీ పోతాయి. టార్ చేసి ఒకే ఫైలుగా తీసుకెళ్లండి. ఇంకో లినక్స్ సర్వర్ ఉంటే ‘డవ్‌అడ్మ్ బ్యాకప్’ వాడండి. నెలకొకసారి ఒక పెట్టెని వేరే చోట తిరిగి తెరిచి, అటాచ్‌మెంట్ ఒకటి ఓపెన్ చేసి చూడండి.

డిస్క్ 80 శాతం దాటినా, ఐనోడ్లు 80 శాతం దాటినా, క్యూలో వంద మెయిల్స్ పోగైనా మీ ఫోన్‌కి కబురు వచ్చేలా చిన్న స్క్రిప్ట్ రాసి క్రాన్‌లో (వేళకి దానంతట అదే నడిపించేది) పెట్టండి. ఆ కబురు టెలిగ్రామ్‌లోనో ఎస్‌ఎంఎస్‌లోనో రావాలి, ఇదే సర్వర్ నుంచి మెయిల్‌గా కాదు.